చాటచేపా, రిబ్బను మొక్కా

ఆ వీధిలో అలంకారపు చేపలమ్మే కొట్టు ఒక్కటే. దాని యజమానికి వీధంతా కలిసి పెట్టిన పేరు త్రాసు. చేపల్ని ఎవరూ తూచి అమ్మరు, జతల లెక్కన అమ్ముతారు. ఆయన కొట్లో తూకంరాయి అనేదే లేదు. అయినా పేరు అలా పడింది, పడాల్సిన మనిషికే పడింది. రెండు వస్తువులు పక్కపక్కన కనిపిస్తే చాలు, ఏది ఎక్కువో ఏది తక్కువో తేల్చకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఎదురింటి అల్లుడూ మూలింటి అల్లుడూ, నిన్నటి టీ ఇవాళ్టి టీ, ఏదైనా సరే. కట్టుకున్న భార్యని తన తల్లితో తూచీ తూచీ, చివరికి ఆవిడ చచ్చి ఆ త్రాసులోంచి బయటపడింది. మిగిలింది ఇద్దరు కూతుళ్ళు. రెండు పళ్ళేలకీ సరిగ్గా సరిపోయారు.

పిల్లలు పోట్లాడుకుంటే మిగతా ఇళ్ళలో చెరొకటి వేసి ఊరుకుంటారు. ఆ ఇంటి ఆనవాయితీ వేరు. తగువు దేనిమీద వచ్చినా ఇద్దరి వస్తువుల్నీ పక్కపక్కన పెట్టి కొన్నాళ్ళు వదిలేయాలి, ఎవరిది నిలిస్తే వాళ్ళది గెలుపు. "పక్కన పెట్టి చూద్దాం" అనేవాడు త్రాసు. సబ్బుబిళ్ళలు పక్కన పెట్టి చూశాడు, ఎవరిది ముందు అరుగుతుందోనని. చేతిరాతలు గోడకి అంటించి చూశాడు. ఓసారి ఇద్దరికీ చెరో గాజుసీసా, చెరో చేపా ఇచ్చాడు. చెల్లెలి చేప ఒకట్రెండు రోజులకే పక్కకి ఒరిగింది. చెల్లెలు అన్నం మానేసి సీసా ముందు కూర్చుంది. అక్కకి అప్పుడు పదేళ్ళుంటాయేమో, తెల్లారకముందే లేచి సీసాలు మార్చేసింది. హుషారుగా ఉన్నదాన్ని చెల్లెలి వైపు పెట్టి, ఒరిగినదాన్ని తను తీసుకుంది. తండ్రి కనిపెట్టేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. "తూకంలో దొంగతనం చేశావు. ఇక నీ మాట నేను నమ్మను" అన్నాడంతే. ఆ తర్వాత అక్క ఎన్నడూ సీసాలు మార్చలేదు. చెల్లెలిది ఒరిగితే ఒరగనీ అనుకోవడం నేర్చుకుంది. నేర్చుకున్నాక అదేమంత కష్టంగా కూడా అనిపించలేదు.

ఇప్పుడు అక్కకి నలభై దగ్గర పడుతున్నాయి. చదువు మధ్యలో ఆపేసి కొట్లో కూర్చున్నది ఆమే. తొట్లు కడగడం, గొట్టం నోట పెట్టి మురికినీళ్ళు లాగడం, పొద్దున్నే చచ్చిన చేపల్ని ఏరి పారేయడం, అంతా ఆమె చేతిమీదుగానే నడిచింది. ఇన్నేళ్ళ చాకిరీకి తండ్రి ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. చెల్లెలు మాత్రం పెద్దదవగానే బయటపడింది. ఎక్కడెక్కడో మొక్కల నర్సరీల్లో పనిచేసింది, ఒకతన్ని పెళ్ళి చేసుకుంది, వదిలేసింది, రెండేళ్ళ కిందట ఒక సంచితోనూ ఒక బకెట్ నీటిమొక్కలతోనూ తిరిగొచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే వీధి అద్దం వెనకున్న పెద్దతొట్టి ఆమెదైపోయింది.

ఆ తొట్టి గోడంత పొడుగు. చెల్లెలు అందులో సన్నటి ఇసక పోసి రిబ్బను మొక్క నాటింది. ఆకులు జడరిబ్బన్లలా పొడుగ్గా లేచి, నీళ్ళ పైకంటా వచ్చి, అక్కడ వంగి తేలుతుంటాయి. ఇసక కింద తీగ సాగి జానెడు దూరంలో ఇంకో పిలక లేస్తుంది. పువ్వు మరీ చోద్యం. స్ప్రింగులాంటి కాడమీద అడుగునుంచి పైకొస్తుంది, కాయ పట్టగానే కాడ మళ్ళీ చుట్టలు చుట్టుకుని దాన్ని కిందికి లాగేసుకుంటుంది. బడికెళ్ళే పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. కొట్టుకి గిరాకీ పెరిగింది. తండ్రి అక్కవైపు తిరిగి "చూశావా?" అనేవాడు. ఆ ఒక్క మాటకి అక్కకి ఒళ్ళు మండిపోయేది.

అక్కకంటూ ఉన్నది చాట ఒక్కటే. టేకుచేపల్లో మంచినీళ్ళలో బతికే రకం అది. చాటంత వెడల్పుగా, బల్లపరుపుగా, గోధుమరంగు వంటిమీద పసుపు చుక్కలతో ఉంటుంది కాబట్టి ఆ పేరు. కళ్ళు వీపుమీద, నోరు పొట్టకింద, తోకలో ఒక ముల్లు. అది గుచ్చుకుంటే ఎంతటి మొనగాడైనా చంటిపిల్లాడిలా ఏడవాల్సిందే. జోడుగా తెప్పించారు గానీ మగదాన్ని తండ్రి ఈమధ్యే ఎవరికో అమ్మేశాడు. ఆడది వెనకగదిలో పాత తొట్టిలో ఇసక కప్పుకుని పడుకునేది. అక్క నీళ్ళలో చెయ్యి పెడితే ఇసక దులుపుకుని లేచి, అంచులు అలల్లా ఆడించుకుంటూ వచ్చి, చేతిని మొత్తం కప్పేసి అరచేతిలోని వానపాముని తినేది. ఆమెని వెతుక్కుంటూ వచ్చిన ప్రాణి ఈ లోకంలో అదొక్కటే. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

ఒకవైపు చాట, ఒకవైపు రిబ్బను మొక్క. త్రాసుకి ఇంకేం కావాలి? బేరానికొచ్చిన ప్రతివాళ్ళనీ పట్టుకునేవాడు. "ఏమండీ, చాటచేప గొప్పదా, రిబ్బను మొక్క గొప్పదా?"

"అదేం పోలికండీ బాబూ! ఒకటి చేప, ఒకటి గడ్డి" అని ఎవరైనా నవ్వితే, ఆయన నవ్వేవాడు కాదు. వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయేవాడు. "అది అడుగున పడి ఉంటుంది, ఇది పైకి లేస్తుంది. దాన్ని రోజూ మేపాలి, దీనికి వెలుతురు చాలు. దాన్ని ముట్టుకుంటే ముల్లు, దీన్ని ముట్టుకుంటే మెత్తన. దాన్ని వెతికి చూడాలి, ఇది వద్దన్నా కనపడుతుంది."

ఆయన మాట్లాడేది చేప గురించీ మొక్క గురించీ కాదని కొట్లో అందరికీ తెలుసు. చెల్లెలు ఆకులు కత్తిరిస్తూ తల వంచుకునేది. వెనకగదిలో అక్క చేతిలో బకెట్ దభీమని నేలకి దిగేది.

అలాంటి రోజుల్లో చాట వీపు తోక మొదట్లో రెండువైపులా ఉబ్బింది. మొదట తిండి ఎక్కువైందేమో అనుకుంది అక్క. ఓరోజు చాట నీళ్ళలో పైకి లేచినప్పుడు పొట్టకింద చర్మం లోపల ఏదో కదిలింది. ఈ చేప గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మగదాన్ని అమ్మేముందే కడుపుతో ఉందన్నమాట. అక్కకి ఆ పూట పట్టలేనంత సంతోషం కలిగింది, ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. పాత తొట్టి దానికే చాలదు. వంపు తిరగబోతే తోక గాజుకి తగులుతోంది, అంచులు ఒరుసుకుని ఎర్రబడ్డాయి. ఇరుకులో కంటే పిల్లలు బతకవు, బెదిరిపోతే తల్లి నెలలు నిండకముందే ఈనేస్తుంది. పెద్దతొట్టి కావాలి. అది దొరికితే తల్లీపిల్లలు దక్కుతారు, లేకపోతే లేదు.

వెళ్ళి తండ్రిని అడిగింది. అడుగుతున్నప్పుడే ఆమెకి తెలుసు, తనకి కావలసింది తొట్టి ఒక్కటే కాదని. ఈ ఒక్కసారి, ఈ ఒక్క విషయంలో, ఆయన తనవైపు మొగ్గితే బాగుండునని.

"పెద్దతొట్టి దానిది కదా" అన్నాడు తండ్రి టీ ఊదుకుంటూ.

"చాట కడుపుతో ఉంది నాన్నా. పిల్లలు పుట్టి కాస్త పెరిగేదాకా చాలు."

"మొక్కలూ పిల్లలు పెడుతున్నాయిగా, ఇసక కింద."

చెల్లెలు అక్కడే ఉంది. "నేను తీసేస్తాలే నాన్నా. మొక్కలదేముంది, బకెట్లలో అయినా ఉంటాయి" అంది.

ఆ మాటకి అక్క కరిగిపోవాల్సింది. కానీ ఆమెకి వినిపించింది మరోలా. దానం చేస్తోంది మహాతల్లి, నాన్న ముందు మంచిదనిపించుకోవడానికి, అనుకుంది. "నీ దయాధర్మం నాకేం అక్కర్లేదు" అనేసింది.

త్రాసు కళ్ళు మెరిశాయి. గ్లాసు కింద పెట్టాడు. "ఎవరూ ఏదీ తీయక్కర్లేదు. రెండూ ఒకే తొట్టిలో పెడదాం. పక్కన పెట్టి చూద్దాం, ఏది నిలుస్తుందో."

చాటని మార్చడం ఇద్దరు మనుషుల పని. ముల్లుకి మెత్తటి రబ్బరుగొట్టం ముక్క తొడగాలి, వలలో పట్టకూడదు, నీళ్ళతో సహా టబ్బులోకి ఎక్కించుకోవాలి. చెల్లెలు తోక దగ్గర నిలబడింది, అక్క తల దగ్గర. టబ్బు బరువుకి ఇద్దరూ వంగిపోయి, గుమ్మం దగ్గర ఇరుక్కుని, ఎటువాళ్ళు అటు లాగారు. నీళ్ళు చిమ్మి ఇద్దరి మొహాలూ తడిసిపోయాయి. "తలప్రాణం తోకకొచ్చింది అక్కా" అంది చెల్లెలు తోకవైపు నుంచి. అక్క ఆపుకోలేక నవ్వేసింది. ఎన్నాళ్ళకో ఇద్దరూ కలిసి నవ్వారు. తర్వాత అక్క ఆ నవ్వుని చాలాసార్లు తలుచుకుంది.

పెద్దతొట్టిలో దిగిన చాట ముందు అద్దాల వెంబడి ఓ చుట్టు తిరిగింది, తర్వాత దాని పని అది మొదలెట్టింది. ఇసకలో వెతుక్కోవడం దాని స్వభావం. అంచులతో ఇసకని ఎగదోస్తుంటే రిబ్బను మొక్కలు వేళ్ళతో సహా లేచి పైకి తేలాయి. చెల్లెలు మోచేతులదాకా తడుపుకుని మళ్ళీ నాటింది. తెల్లారేసరికి మళ్ళీ తేలాయి. మళ్ళీ నాటింది. చూడ్డానికొచ్చే పిల్లలిప్పుడు చాట కోసం వస్తున్నారు. "అదుగో లేస్తోంది, లేస్తోంది!" అని అద్దం బయట ఒకటే గోల. అక్క పైకి ఏమీ అనలేదు గానీ, తేలిన మొక్కల్ని ఏరి బకెట్లో వేస్తుంటే లోలోపల చల్లగా ఉండేది. ఆ చల్లదనం మంచిది కాదని తెలిసీ దాన్ని దాచుకుంది.

అంతలో కొత్తగా తెచ్చిన మొక్కల మోపుతో నత్తలొచ్చాయి. మొదట అద్దంమీద చుక్కల్లా కనిపించాయి, చూస్తుండగానే తొట్టంతా నిండాయి. ఆకులకి చిల్లులు పడ్డాయి, కొసలు కుళ్ళి నీళ్ళలో తేలాయి. నత్తలకి మందుంది. రాగి కలిసిన నీలం మందు, మైలుతుత్తం రంగులో ఉంటుంది, చెల్లెలి అల్మరాలోనే పెద్ద సీసా ఉంది. కొద్దిగా వేస్తే ఒక్క నత్త మిగలదు. చెల్లెలు ఆ సీసా ముట్టుకోలేదు. చేత్తో నత్తల్ని ఏరేది, ఏరలేక అలసిపోయి ఊరుకునేది. మొక్కలు రోజురోజుకీ చిక్కిపోయాయి.

"చేతులెత్తేసింది" అనుకుంది అక్క. చెల్లెలు ఎందుకు మందు వేయడంలేదో ఆలోచించలేదు. తేలిగ్గా తెలిసే విషయమే. రాగి టేకుచేపలకి విషమని ఆ కొట్లో అడుగుపెట్టిన మొదటిరోజునుంచీ అందరికీ తెలుసు. కానీ గెలుస్తున్నవాళ్ళకి కారణాలతో పనేముంది?

తండ్రికి మాత్రం ఇది నచ్చలేదు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని అసహనంగా కాళ్ళూపేవాడు. "ఏకపక్షమైపోయింది. ఇందులో మజా ఏముంది?" అని గొణిగేవాడు. ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆ పొద్దున అక్క షట్టర్ ఎత్తి లోపలికొచ్చేసరికి చాట తొట్టి మూల అద్దానికి ఆనుకుని ఉంది. అంచులు పైకి ముడుచుకుపోయి ఉన్నాయి, చేతిలో కాగితం నలిపినట్టు. నీళ్ళలో చెయ్యి పెడితే రాలేదు. వానపాముని నోటిదాకా తీసుకెళ్తే నోరు తెరవలేదు. అప్పుడు చూసింది ఇసక మీదికి. నత్తలన్నీ చచ్చి పడున్నాయి. నీళ్ళు అద్దం అంచుల్లో లేత నీలంగా ఉన్నాయి.

ఆమె అరిచిన అరుపుకి చెల్లెలు తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. ఒక్క చూపులో అంతా అర్థమై గొట్టం లాగింది, మంచినీళ్ళ డ్రమ్ము దొర్లించుకొచ్చింది. ఇద్దరూ కలిసి చాటని డ్రమ్ములోకి దించారు. ముల్లుకి గొట్టం తొడగాలని కూడా ఎవరికీ గుర్తులేదు, ఆ ముల్లు ఎవరినీ ఏమీ చేసే స్థితిలో లేదు. నీళ్ళు మార్చారు, మళ్ళీ మార్చారు. మధ్యాహ్నానికి చాట ఈనింది. పిల్లలు అరచేయంత కూడా లేవు. పసుపు చుక్కలు అప్పటికే వచ్చేశాయి, తోకలు దారాల్లా ఉన్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు. వాటి పక్కన తల్లి వీపు ఓసారి ఎగసి ఆగిపోయింది.

అక్క డ్రమ్ము అంచు వదిలి చెల్లెలివైపు తిరిగింది.

"మందు పోశావు కదే."

"నేను పోయలేదక్కా."

"నువ్వు కాకపోతే ఎవరు? ఆ సీసా నీది. ఆ అల్మరా నీది. గడ్డి కోసం! గడ్డి కోసం తల్లినీ పిల్లల్నీ చంపావా?"

చెల్లెలి కళ్ళు ఒక్కసారి తండ్రి కుర్చీవైపు వెళ్ళొచ్చాయి. అక్క అది చూసింది, చూసి కూడా ఇంకోలా అర్థం చేసుకుంది.

"నాన్న వైపు చూస్తావేం? ఆయన ఎప్పుడూ నీ వైపేగా. చిన్నప్పుడు నీ చేప చస్తుంటే నాది నీకిచ్చాను చూడు, అదీ నేను చేసిన తప్పు. నీకు ఓడిపోవడం చాతకాదు. పో. నా కళ్ళముందు ఉండకు."

త్రాసు కుర్చీలోనే ఉన్నాడు. టీ తాగుతున్నాడు. గ్లాసు అడుగున మిగిలిన చక్కెర చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాడు.

చెల్లెలు ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. వచ్చినప్పటిలాగే ఒక సంచి, ఒక బకెట్. బకెట్లో చిల్లులు పడ్డ రిబ్బను మొక్కలు. అక్క తొట్టిలో ఇసక ఎత్తిపోస్తూ వీపు తిప్పుకునే ఉంది.

తర్వాత కొట్టు కొట్టులాగే నడిచింది. పెద్దతొట్టిలోకి మామూలు రంగుచేపలు వచ్చాయి. చెల్లెలు ఊరవతల వడ్రంగి షెడ్డు వెనక జాగా తీసుకుని మొక్కలు పెంచుతోందని ఎవరో చెప్పారు. అక్క సరేనంది. కోపం తగ్గితే ఏం మిగులుతుందోనన్న భయంతో కోపాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది.

ఓ రోజు పాత కస్టమర్ ఒకాయన వచ్చాడు. అక్క ఆయన కోసం చిన్న వలతో చేపల్ని పట్టి కవర్లో వేస్తోంది. "మీ చాటచేపేదండీ?" అని అడిగాడాయన. తండ్రికి కథ చెప్పే అవకాశం దొరికింది. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"భలే పోటీ అండీ అది! మొదట్లో చేపదే పైచేయి. మొక్కలన్నీ పీకి పారేసింది. పైగా నత్తలు కూడా చేప పక్షమే. చిన్నది చూస్తే మందేయదు, మొండిది. మరీ ఇంత ఏకపక్షంగా ఉంటే ఎలా అని నేనే కాస్త మందేశా. తూకం సమం చేద్దామని. అటు ఎక్కువైపోయింది." ఆయన నవ్వాడు. "రెండూ పోయాయి అనుకోండి. ఎవరూ గెలవలేదు."

అక్క చేతిలో కవరు జారింది. నీళ్ళూ చేపలూ నేలమీద పడ్డాయి. ఆమె వాటిని ఏరింది, కొత్త కవర్లో నీళ్ళు పోసి, గాలి నింపి, రబ్బరుబాండు చుట్టి ఇచ్చింది. కస్టమర్ వెళ్ళేదాకా ఆగింది.

"నాన్నా. మందు నువ్వు పోశావా?"

"ఊఁ."

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

తండ్రి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు నన్ను అడిగావా? దాన్ని అడిగావు."

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే ఆమెని కాల్చేసింది. ఆయన ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

వడ్రంగి షెడ్డు వెనక రేకుల కప్పు కింద పాత స్నానాల తొట్లు వరసగా పెట్టి ఉన్నాయి. గాలిలో చెక్కపొట్టు వాసన, దూరంగా రంపం మోత. చెల్లెలు ఒక తొట్టి మీదికి వంగి ఇసక సర్దుతోంది. తలెత్తి చూసింది, ఆశ్చర్యపోలేదు.

"కూర్చో అక్కా" అంది, బోర్లించిన బకెట్ చూపించి.

అక్క కూర్చోలేదు. "నాన్న పోశాడట" అంది. దారంతా ఎన్నో మాటలు కూర్చుకుంది గానీ, చివరికి బయటికొచ్చింది ఇదే.

"తెలుసు."

"తెలుసా? ఎప్పటినుంచి?"

"ఆ పొద్దున్నే. అల్మరా తాళంచెవి నాన్న కుర్చీ మీదుంది."

"మరి చెప్పచ్చు కదే! నేనంతేసి మాటలంటుంటే నోరు కుట్టేసుకున్నావేం?"

చెల్లెలు చేతులకంటిన ఇసక నీళ్ళలో కడుక్కుంది. "చెప్పాను. నేను పోయలేదు అన్నాను. నువ్వు నమ్మలేదు. ఆ తర్వాత నాన్న పేరు చెప్తే ఏమవుతుంది? తప్పించుకోడానికి ఆయన మీదకి నెట్టానంటావు. నీకు నా మాట చాలనప్పుడు ఇంకేం చెప్పను?"

"నువ్వు మందెయ్యకుండా మొక్కల్ని ఎందుకు చావనిచ్చావే?"

"అదేం ప్రశ్న అక్కా. నువ్వు నాకోసం సీసాలు మార్చావుగా."

ఆ పాత సీసాల మాటని అక్క ఆరోజు రాయిలా విసిరింది. చెల్లెలు దాన్ని ఇన్నేళ్ళుగా దాచుకుంది. అక్క ఏడ్చేసింది. చెల్లెలు దగ్గరికి రాలేదు, ఆగమనీ అనలేదు.

"ఇంటికి రావే చిన్నీ. తప్పు నాదే. తొట్టి నీకే ఇస్తా."

"రాను."

"నాన్నని నేను చూసుకుంటా. ఇక ఆయన నోరెత్తితే ఊరుకోను."

"ఆయన గురించి కాదు." చెల్లెలి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆయన ఎలాంటివాడో నాకు తెలుసు, తెలిసినవాడితో ఎలాగో నెగ్గుకొస్తా. నువ్వక్కా. నన్ను చూసిన ప్రతిసారీ ముందు నాకెంత ఉందో చూస్తావు, తర్వాతే నన్ను చూస్తావు. ఆయన త్రాసు ఆయన చేతిలో ఉంది. నీది లోపల పెట్టుకున్నావు."

"అలా ఏం లేదు" అంది అక్క. అంటూనే ఆమె కళ్ళు తొట్ల వెంబడి పోయాయి. రేకు కారి ఒక తొట్టి పక్కన మడుగు కట్టింది. రెండు తొట్లలో మొక్కలు పసుపుబారి ఉన్నాయి. వెలుతురు చాలదిక్కడ, అనుకుంది. కొట్లోదే నయం. చెల్లెలు ఆ చూపుని గమనించింది. మళ్ళీ ఇసకలోకి వంగింది.

అక్క వెళ్తానంటే చెల్లెలు తలూపింది. గుమ్మందాకా కూడా రాలేదు.

తిరిగొచ్చేసరికి తండ్రి పెద్దతొట్టి ముందు కూర్చుని ఉన్నాడు. దారిలో అక్క ఒట్టుపెట్టుకుంది, ఇక ఆయన అడిగే ఏ పోలికకీ జవాబు చెప్పకూడదని. చెప్పకపోతే ఆ త్రాసు అక్కడే తుప్పు పట్టి పోతుందని. లోపలికొచ్చి చెప్పులు విడిచింది. గొట్టం తీసుకుంది, బకెట్ తీసుకుంది.

"దాని దగ్గరికి వెళ్ళావా?" అన్నాడు తండ్రి.

"ఊఁ."

"ఎలా ఉంది దాని జాగా? మన కొట్టుకన్నా బాగుందా?"

"ఎక్కడ నాన్నా. మనదాంట్లో సగం కూడా ఉండదు. మొక్కలు కూడా సరిగ్గా లేవు."

మాట నోట్లోంచి వచ్చేశాక గానీ తను మాట్లాడినట్టు ఆమెకి తెలియలేదు. తండ్రి ఆమెని ఎగాదిగా చూశాడు. తృప్తిగా తల ఊపాడు. "నేనెప్పుడో అనుకున్నా. ఎంతైనా నువ్వే నయం" అన్నాడు.

బుద్ధెరిగినప్పటినుంచీ ఆమె ఆ మాట కోసమే ఎదురుచూసింది. అది విన్నప్పుడు ఆమె లోపల నిజంగానే ఏదో వెచ్చబడింది, దాన్ని ఆపడం ఆమె చేతిలో లేకపోయింది. షెడ్డులో తొట్టి మీదికి వంగిన చెల్లెలి వీపు కళ్ళముందు కదిలింది. గొట్టం చివర నోట్లో పెట్టుకుని మురికినీళ్ళు లాగడం మొదలెట్టింది. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.